రెక్కలో దొరికిన అద్దం

తెల్లవారుజాము నుంచి ముసురు. కాస్త తెరిపి ఇస్తే పత్తికి ఎరువు వేస్తున్నాం. ధర్మపురిలో మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చింది. పట్టిన సాలు ముగించి బయలుదేరాను.

మా ఊరు బోథ్ నుంచి నన్ను గల్ఫ్‌కు తీసుకుపోయింది ఆయనే. విమానాలు బాగుచేసే పెద్ద షెడ్డులో ఆయన మెకానిక్, నేను ఆయన చేతికింద. కొన్నేళ్లకోసారి విమానాన్ని అక్కడ నిలిపి సీట్లు, నేల పలకలు, రెక్కల మూతలు అన్నీ విప్పుతారు. తుప్పు, పగుళ్లు చూసి మళ్లీ బిగిస్తారు. "మూసినంక చూసెటోడు ఉండడు అల్లుడా, మూయకముందే చూడాలె" అనేవాడు మామ. "పెండ్లిచూపులల్ల నన్ను గూడ టార్చి కొట్టి చూసిండు" అని అత్త ఎగతాళి చేసేది.

పనిముట్ల పెట్టెలో ఒక్కోదానికి దాని ఆకారంలోనే గుంత ఉంటుంది. ఒక్క గుంత ఖాళీగా ఉన్నా విమానం కదలదు. దొరికేదాకా బిగించినవన్నీ విప్పాల్సిందే.

ఒకసారి పని ముగిసే వేళకు మామ పెట్టెలో చిన్న అద్దం లేదు. ఇరుకు సందుల్లో పెట్టి చూసేది. మూతలన్నీ మళ్లీ తీస్తే, రెక్కలో ఆయన పనిచేసిన చోటే దొరికింది. ఆ రోజంతా నేను తోక వైపు ఉన్నాను. సూపర్‌వైజర్ అడిగితే మామ నా దిక్కు చూడలేదు. "మా అల్లుడు తీసుకపోయి మరిచిండు. కొత్తోడు" అన్నాడు.

నన్ను పనిలోంచి తీసేసి ఇంటికి పంపారు. మామ ఎయిర్‌పోర్టు బస్సు దాకా వచ్చి, "జర ఓర్సుకో. నా నౌకరి పోతే ఇల్లు నడువది. ఊరికొచ్చినంక అందరికి నేనే చెప్త" అన్నాడు.

ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర, "ఏం మరిచొచ్చినవ్‌రా, రెక్కనా, తోకనా?" అని నవ్వేవాళ్లు. ట్రాక్టర్లు బాగుచేసుకుంటూ బతికాను. ఆ పని చేతికి అబ్బింది ఆయన దగ్గరే, కాదనను. మామ సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తిన్నాడు. సబ్బులు, అత్తరు ఇచ్చాడు. చెప్తానన్న మాట మాత్రం చెప్పలేదు. నేను ఎదురుచూశాను.

ధర్మపురిలో, మామ పోయిన మూడో దినం అత్తను అడిగాను. "మామ నా గురించి ఏమన్న చెప్పిండా?"

"చెప్పకేంది బిడ్డా. మంచి పనోడే గని గా అద్దం మరిచి బతుకు కరాబు చేసుకున్నడని, మొన్నగూడ నీ ఫికరే."

అత్త ఏడుస్తోంది. పదో దినం దాకా ఉండమంది. మధ్యాహ్నం బస్సుకు నేను వెళ్లిపోయాను.