ఖంగుమనని నేల

ప్రొకోపి తన అరవై మూడేళ్ల జీవితంలో ఎన్ని పార కర్రలు చెక్కాడో తెలియాలంటే వెళ్లాల్సింది అతని ఇంటికి కాదు, మా ఊరి శ్మశానానికి. లేనా నదికి తూర్పున ఉన్న మా సఖా జాతి పల్లెల్లో గొయ్యి తవ్విన పారను తిరిగి ఇంటికి తెచ్చుకోం. పని ముగిశాక కర్ర విరిచి సమాధి పక్కనే వదిలేసి వస్తాం. అక్కడ పడి ఉన్న విరిగిన కర్రల్లో సగానికి పైగా ప్రొకోపి చేతివే. బిర్చ్ చెక్కతో, అరచేతికి ఒదిగేలా చెక్కేవాడు.

"ఒక్కసారి వాడి విరిచేదానికి ఇంత నునుపెందుకురా?" అని పక్కింటి స్పిరిదోన్ వెక్కిరించేవాడు.

"తవ్వేవాడి చెయ్యి గీసుకోకూడదు కదా. నీలాంటి బద్ధకస్తుడికి అదో సాకు" అనేవాడు ప్రొకోపి.

మిగతా విషయాల్లో అతను అందరిలాంటి మనిషే. ట్రాక్టరు నడిపేవాడు, వేసవిలో గడ్డి కోసేవాడు, పెళ్లాం చేత చీవాట్లు తినేవాడు. ఎవరైనా పోతే మాత్రం ఊరు వచ్చి అతని గుమ్మం ముందు నిలబడేది. మా నేల అంత తేలిగ్గా లొంగేది కాదు మరి. ఎంత వేసవైనా పైన మోకాలి లోతు కరుగుతుంది, అంతే. దాని కిందిది మా తాతల తాతలు పుట్టకముందే గడ్డకట్టింది. గునపం వేస్తే ఖంగుమంటుంది. చలికాలమైతే దుంగలు పేర్చి మంట పెట్టాలి, కరిగినంత గోకాలి, మళ్లీ మంట పెట్టాలి. మూడు రోజుల పని. చావింట్లో జనం మూడు రోజులు కూర్చునేది అందుకేనని, ప్రొకోపి కాస్త నెమ్మదిగా తవ్వితే నాలుగో రోజు కూడా చావు భోజనంలో గుర్రం మాంసం దొరుకుతుందని స్పిరిదోన్ అంటుండేవాడు.

అంతా అయ్యాక ప్రొకోపి కర్ర విరిచి, ఇంటివాళ్ల వైపు తిరిగి ఎప్పుడూ ఒకే మాట అనేవాడు. "నేల గట్టిది. ఎలా పడుకోబెట్టారో అలాగే ఉంటారు." ఏడ్చి ఏడ్చి గొంతు పోయినవాళ్లు కూడా ఆ మాట విని కాస్త తేరుకునేవారు.

పదకొండేళ్ల కిందట అతని భార్య ఫెవ్రోన్యా ఆ మాటే అడిగి చెప్పించుకుంది. అప్పటికి ఊపిరితిత్తుల జబ్బుతో చిక్కి శల్యమైపోయింది.

"నాకు పురుగులంటే ఎంత భయమో నీకు తెలుసు. నేల నన్ను ఇలాగే ఉంచుతుందా?"

"ఉంచుతుంది."

"ఒట్టేనా?"

"ఒట్టు. నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"రెండుసార్లు" అంది ఆమె.

పెళ్లాం గొయ్యి మొగుడు తవ్వకూడదని మా ఆచారం. అందుకని కర్ర చెక్కి ఇచ్చి ఇంట్లో కూర్చున్నాడు. స్పిరిదోన్ తవ్వాడు. రెండు రోజులు గునపం చప్పుడు ఊరి చివరి నుంచి వినిపిస్తూనే ఉంది. ఒక్కో పోటూ వింటుంటే ప్రొకోపికి గుండె నిబ్బరంగా ఉండేది.

ఆ తర్వాతి ఏళ్లలో అతని ఇంటి తలుపు బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఏటా దాని అంచుకు చిత్రిక పట్టేవాడు. పచ్చిక బయలు నిండా గుంటలు పడ్డాయి. శ్మశానం పక్కన లార్చ్ చెట్లు తాగినవాళ్లలా తలో వైపు ఒరిగాయి. నేల కరుగుతోందని ఊరంతా గుసగుసలాడుకుంది. ప్రొకోపి కొట్టిపారేశాడు. నేల సంగతి నాకు చెప్పొచ్చేవాళ్లా అన్న పొగరు అతనికి కొంచెం ఉండేది, దాచడమెందుకు.

ఈ సెప్టెంబరులో అతని వదిన అకులీనా పోయింది. ఫెవ్రోన్యాకు సొంత అక్క. చెల్లెలి పక్కనే పడుకోబెట్టమని కొడుకు ఐతాల్ దగ్గర మాట తీసుకుని మరీ పోయింది.

ప్రొకోపి, స్పిరిదోన్ పొద్దున్నే శ్మశానానికి వెళ్లారు. చిన్న మంట వేసి, వెన్న రాసిన అట్టు ముక్క నిప్పుకు నైవేద్యంగా పెట్టి పని మొదలుపెట్టారు. మోకాలి లోతు దాకా పారతో తవ్వాక ప్రొకోపి గునపం అందుకుని బలమంతా కూడదీసి పోటు వేశాడు. చప్పుడు లేదు. గునపం సగానికి పైగా దిగిపోయింది. ప్రొకోపి ముందుకు తూలి పడబోయాడు.

"పొద్దున్నే వేసుకొచ్చావట్రా?" అన్నాడు స్పిరిదోన్.

నడుము లోతుకు వచ్చినా ఖంగుమనలేదు. స్పిరిదోన్ సంబరపడిపోతున్నాడు. "అకులీనా మహాతల్లిరా. బతికినన్నాళ్లూ ఎవర్నీ కష్టపెట్టలేదు, ఇప్పుడూ పెట్టట్లేదు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం చూడు."

ప్రొకోపి నలభై ఏళ్లుగా అలవాటైన ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి తవ్వుతున్నాడు. ఛాతీ లోతులో పారకు మట్టితో పాటు నీళ్లొచ్చాయి. నల్లగా, కుళ్లు కంపు కొడుతున్న నీళ్లు. ఎడమ గోడలోంచి ఊరుతున్నాయి. ఆ గోడకు అవతల ఉన్నది ఫెవ్రోన్యా.

ఆ సంగతి తలకెక్కడానికి అతనికి కాసేపు పట్టింది. ఎలాగో పైకి పాకి భార్య సమాధి దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు. అక్కడ మట్టి గిన్నెలా గుంటపడి ఉంది. వానలకు కుంగిందనుకుని తనే ప్రతి వేసవిలో రెండు బకెట్ల మట్టి పోసి వెళ్తున్నాడు. ఆనాడు తను చెక్కిన కర్ర ముక్క సగం బురదలో మునిగి ఉంది. సమాధి అంచున గునపం మొన ఆనించాడు. తోయలేదు. దాని బరువుకే అది కిందికి, ఇంకా కిందికి దిగుతూ పోయింది.

"చప్పుడేదిరా?" అన్నాడు ప్రొకోపి. "స్పిరిదోన్, చప్పుడేది?"

ఏ మాటకైనా ఎదురుమాట అనే స్పిరిదోన్ టోపీ తీసేశాడు.

తవ్విన గొయ్యిని ఖాళీగా వదిలితే అది మరొకరిని చావుకు పిలుస్తుందని మా నమ్మకం. అందుకని ఒక దుంగను మనిషిలా పడుకోబెట్టి పూడ్చాలనుకున్నారు. అప్పటికి నీళ్లు మోకాలి దాకా చేరాయి. దుంగ మునగలేదు. తేలి, ఎడమ గోడకు వెళ్లి తగులుతూ ఉంది. స్పిరిదోన్ దాన్ని గునపంతో అదిమి పట్టుకుంటే ప్రొకోపి మట్టి పోశాడు.

ప్రొకోపి చావింటికెళ్లి ఐతాల్‌తో, "మీ అమ్మని అక్కడ పెట్టడానికి లేదురా. శ్మశానం పైనున్న రాళ్ల గుట్ట మీద తవ్వుతాం, అక్కడైనా నేల గట్టిగా ఉంటుందేమో" అన్నాడు.

"అదేంటి బాబాయ్? అమ్మకు మాటిచ్చాను."

"నేనూ మీ పిన్నికి ఇచ్చాను. ఇప్పుడది నీళ్లలో ఉంది."

ఐతాల్ బాబాయి బూట్ల నిండా ఉన్న నల్లటి బురద చూసి తలూపాడు.

రాళ్ల గుట్ట మీద మోకాలి లోతు దాటగానే గునపం ఖంగుమంది. ఎప్పుడూ లేనిది, ఆ చప్పుడుకు ప్రొకోపి ఉలిక్కిపడ్డాడు. రెండు రోజులు తవ్వారు. మూడో రోజు అకులీనాను తెచ్చి అక్కడ పూడ్చారు. ఊరంతా వచ్చింది. మట్టి సర్దడం అయ్యాక అందరూ అలవాటుగా ప్రొకోపి వైపు తిరిగారు, కర్ర విరిచి ఆ మాట అంటాడని.

ప్రొకోపి పారను భుజాన వేసుకుని పాత శ్మశానం వైపు గుట్ట దిగసాగాడు.

"బాబాయ్, పార విరవలేదు" అన్నాడు ఐతాల్.

"పని అవలేదురా. మీ పిన్ని ఇంకా నీళ్లలోనే ఉంది."

స్పిరిదోన్ గబగబా వెళ్లి అతని భుజం మీది పార లాక్కున్నాడు. "మొగుడు ముట్టకూడదు. నువ్వు పక్కన నిలబడు, నేను తవ్వుతా." నాలుగడుగులు వేసి ఆగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఆవిడ ఎలా ఉంటుందంటావ్?"

వెనకే దిగి వస్తున్న జనం కూడా ఆగిపోయారు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు ఆ కింద ఉన్నారు.

"నాకు తెలీదు" అన్నాడు ప్రొకోపి.