పతకం మీద బొట్టు

మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పెట్టెలో ఒక ఫ్రెంచి పతకం తెచ్చుకుంది. తెల్లటి ఎనామిల్ పూసిన అయిదు రెక్కల నక్షత్రం, పైన వెలిసిపోయిన ఎర్ర రిబ్బను, నడుమ ఒక స్త్రీ ముఖం. వాళ్ళది యానాం. ఆమె ముత్తాత ఫ్రెంచివాళ్ళ కోర్టులో దుబాసీ, అంటే దొరల మాట మనకీ, మన మాట దొరలకీ చెప్పే ఉద్యోగి. ఆయనకి ఆ ప్రభుత్వం ఇచ్చిన గౌరవం అది. రామచంద్రపురంలో మా ఇంటి దేవుడి గూట్లో దాన్ని పెట్టి, ప్రతి శుక్రవారం ఆ ముఖానికి కుంకుమ బొట్టు పెట్టేది.

నేను హైస్కూల్లో హిస్టరీ మాస్టారిని. ఊరుకుంటానా?

"అది అమ్మవారు కాదోయ్. ఫ్రెంచి రిపబ్లిక్కుకి గుర్తుగా వేసుకున్న బొమ్మ," అనేవాణ్ణి.

"ఎవరైతే ఏంటండీ, ఆడమనిషేగా," అనేది.

అంతటితో ఆపకుండా పాఠం మొదలుపెట్టేవాణ్ణి. విప్లవం పాత బిరుదులన్నీ ఊడ్చేశాక, ఒక సేనాని ఈ గౌరవాన్ని పెట్టాడు. గొప్ప ఇంట్లో పుట్టక్కర్లేదు, సిపాయి అయినా పండితుడైనా ప్రతిభ ఉంటే చాలన్నాడు. తర్వాత తానే చక్రవర్తి అయి, నడుమ తన ముఖం వేయించుకున్నాడు. ఆయన పడిపోగానే తిరిగొచ్చిన రాజులు ఆ ముఖం తీసేసి తమ వంశపు పాత రాజుని పెట్టారు. కొన్నాళ్ళకి చక్రవర్తి తమ్ముడి కొడుకు గద్దెనెక్కి పెదనాన్నని మళ్ళీ తెచ్చాడు. అతనూ పోయాక ఈ స్త్రీ వచ్చింది.

ఆమె బియ్యం ఏరుతూ అంతా వినేది. "అయ్యిందాండీ? కాఫీ పెట్టనా?" అనేది. నాకు ఉక్రోషం వచ్చేది.

ఒక ఏడు స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టాం. ఆమె ఇంట్లో లేని సమయం చూసి పతకం తీశాను. ఏళ్ళ తరబడి పేరుకున్న కుంకుమని చింతపండుతో రుద్ది వదిలించాను. ఒక రెక్క మీద ఎనామిల్ పెచ్చు ఊడింది కానీ, ముఖం తళతళలాడింది. ఘనకార్యం చేసినట్టు ఆమెకి చూపించాను. ఎగ్జిబిషన్ అయ్యాక ఆమె దాన్ని గుడ్డలో చుట్టి నా టేబుల్ సొరుగులో పెట్టింది.

"ఇక మీ దగ్గరే ఉంచుకోండి," అంది.

మళ్ళీ ఎప్పుడూ బొట్టు పెట్టలేదు. తప్పు చేశానని నాకు తెలుసు. ఆ మాట పైకి అనలేదు, అదొక పంతం.

ఆమె పోయి ఏడాదిన్నర అయింది. ఇల్లు బావురుమంటోంది. కాఫీ నేనే పెట్టుకుని సగం తాగి పారబోస్తున్నాను. ఒంటరితనం ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. ఏదో ఒక పని ఉండాలని ఆ పతకం చరిత్ర రాయడం మొదలుపెట్టాను. చక్రవర్తులూ రాజులూ అందరూ చక్కగా కుదిరారు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి నాకేమీ తెలియదు. యానాంలో ఉన్న మా మరదలికి ఫోన్ చేశాను.

"పతకం వచ్చిన నెలకే ఆయన పోయారండి బావగారూ," అంది. "తాతమ్మకి బొట్టు తీసేశారు కదండీ. ఆవిడేమో పొద్దున్నే స్నానం చేసి, తను పెట్టుకోవాల్సిన బొట్టు ఆ బొమ్మకి పెట్టేదట. ఎవరైనా అడిగితే అమ్మవారని చెప్పేదట. అమ్మవారంటే కాదనేవాళ్ళు ఉండరు కదా. తర్వాత మా అమ్మమ్మ, అమ్మ, అక్క, అందరూ ఆవిడని తలుచుకుని పెడుతూ వచ్చారు. అక్క మీకు చెప్పలేదేంటండీ?"

"లేదమ్మా," అన్నాను.

చెప్పడానికి నేను అడిగితే కదా. ఊరంతా కలిసి ఒకసారి చెరిపేసిన బొట్టుని, రెండోసారి నేను చింతపండు పెట్టి చెరిపాను.

శుక్రవారం పొద్దున పతకాన్ని మళ్ళీ గూట్లో పెట్టి, ఆమె కుంకుమ భరిణె తీశాను. అడుగున కొంచెం గడ్డకట్టి ఉంది. నలిపి, వేలు తడిచేసుకుని, ఆ స్త్రీ నుదుటికి పెట్టాను. అలవాటు లేని చెయ్యి, బొట్టు పక్కకి పోయింది. ఇలా కాదండీ అని సరిచేసే మనిషి లేదు.

"ఎందుకు పెట్టేదానివోయ్?" అని పైకే అడిగాను.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ అడగని ప్రశ్న అది.