జంపఖానా ముసుగు

ఎనభైల చివర్లో, జంపఖానాలు నేసే కొత్తవాడలో, మంచం పట్టిన నా స్నేహితుడికి ఆటల కంప్యూటర్ ఒకటి తయారుచేసి ఇచ్చాను. మగ్గాల చప్పుడుకే వాడి తల పగిలిపోయేది కనుక దాని లోపల ఫ్యాన్ పెట్టలేదు. నున్నటి టేకు పెట్టెలో బిగించి, పైన గాలి రంధ్రాలు పెట్టించాను. నా చేతిపనుల్లో చూడ్డానికి బాగున్నది అదొక్కటే.

దుమ్ము పడుతుందని వాళ్లమ్మ రంగుల జంపఖానా ముక్క నేసి, రేడియోకు కప్పినట్టే దానికీ కప్పింది. రంధ్రాలు మూసుకుపోయి, వాడు ఆడుతుండగానే కంప్యూటర్ లోపల ఉడికి మాడిపోయింది. బాగుచేయడం నా వల్ల కాలేదు. చప్పుడు చేయని కంప్యూటర్ ఇస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

"అమ్మకు చెప్పకురా, ఏడుస్తది," అన్నాడు వాడు.

"ఆడుతలేవేంది బిడ్డా?" అని ఆమె అడిగితే, "అది గూడ నా లెక్కనే అలిసిందే అమ్మా, జర పండనియ్యి," అనేవాడు.

ఆమె ముసుగు సరిచేసి వెళ్లేది. వాడు గోడవైపు తిరిగేవాడు.