విరిగిన పాళీ

ఈ రోజు మాదాపూర్‌లో, మా ఆఫీసులో ఎవరిదో ఇంకు పెన్ను కిందపడి పాళీ వంకరపోయింది. నాకు వెంటనే మా బాపు, అంటే నాన్న, గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఖాజాగూడలో గుట్ట పక్కన వేసిన నాటకంలో బాపు జడ్జి, చిన్నాయన ముద్దాయి. బోనులో నిలబడ్డ చిన్నాయనను చూసి నాకు ఏడుపు ఆగలేదు. మొదట్లో మండిపడ్డ జడ్జి, ఉరిశిక్షను మాత్రం తల దించుకొని చదివాడు. సంతకం చేసి, పాళీని బల్లకు గుచ్చి విరిచేశాడు. అందరూ కళ్లు తుడుచుకుంటుంటే నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

నాటకం అయ్యాక, కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటూ బాపు అడిగాడు.

"ఏంది బిడ్డా, అందరు ఏడుస్తుంటే నువ్వు చప్పట్లు కొట్టినవ్?"

"పెన్ను ఇరగ్గొట్టినవ్ గద బాపూ! ఇగ చిన్నాయనకు శిక్ష ఎట్ల రాస్తరు?"

చిన్నాయన నవ్వబోతే, బాపు వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"అవు బిడ్డా, గందుకే ఇరగ్గొట్టిన."

మరణం రాసిన పాళీ మరేదీ రాయకూడదని జడ్జీలు దాన్ని విరిచేస్తారని పెద్దయ్యాక తెలిసింది. బాపుకు అది అప్పుడే తెలుసు. అయినా ఆ తర్వాత నాటకం ఆడిన ప్రతిసారీ, తమ్ముణ్ణి కాపాడుకుంటున్నవాడిలాగే పాళీ విరిచేవాడు.