నాంచారయ్య మూడుసార్లు చెప్పిన మాట

మొన్న పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడితే, పక్కనున్న సెల్‌ఫోన్ రిపేరు షాపులోంచి సోల్డరింగ్ పొగ వాసన వచ్చింది. కోటేశ్వరరావు గారి గది వాసన అది. నా కుడిచేతి వేళ్లు ఏదో తిప్పబోయి ఆగాయి.

ఆయన గుడివాడలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, ఇంట్లోనే హామ్ రేడియో, అంటే లైసెన్సుతో దూరపు వాళ్లతో మాట్లాడే సొంత రేడియో, నడిపేవారు. మా బందరు పేపరు ఆదివారం అనుబంధం కోసం వెళ్లి, "అంతరిక్ష నౌక వేగం పెరిగితే రేడియోకేమవుతుందండీ?" అని అడిగాను.

"మనవైపు వస్తుంటే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దూరమవుతుంటే తగ్గుతుంది. దాదాపు కాంతి వేగంతో దూరమైపోతుంటే మన డయల్లోనే దొరకదు. వాళ్లు నిమిషంలో చెప్పింది మనం ఎంతోసేపు వినాలి."

"మన బందరు వాళ్లకిదంతా ఎందుకు లెండి," అన్నాను.

"రాయండి సార్. జాతకాలకు చోటుంది కదా మీ పేపర్లో!"

ఆ ఏడాదే తుఫానుకు దివిసీమలో ఫోన్లు పోయాయి. కలెక్టరు పిలిస్తే కోటేశ్వరరావు గారు సెట్టుతో బందరు వచ్చారు; వార్త కోసం నేనూ అక్కడే ఉన్నాను. ఒక లంకలో ఆయన శిష్యుడు నాంచారయ్య చిన్న సెట్టుతో ఉన్నాడు. పైనుంచి ఉపగ్రహం వెళ్లే పది నిమిషాలే అతని గొంతు బందరుకు అందేది. ఒకామెకు నొప్పులొస్తున్నాయనీ, బిడ్డ అడ్డం తిరిగిందనీ చెప్పేసరికి ఆ మొదటి పది నిమిషాలూ అయిపోయాయి. నాగాయలంకలో పడవ సిద్ధంగా ఉంది. ఏ రేవుకు వెళ్లాలో తెలియదు.

మళ్లీ ఉపగ్రహం వచ్చే వేళకు కలెక్టరాఫీసు డాబా మీద కోటేశ్వరరావు గారు రెండు చేతులతో యాంటెన్నా ఎత్తి పట్టుకున్నారు. సెట్టు నా చేతిలో పెట్టారు. ఆయన రాసిచ్చిన అంకె దగ్గరే డయలు ఉంచి, కదలకుండా పట్టుకున్నాను. రాసిచ్చిన అంకెను మార్చకూడదన్నది మా వృత్తి నేర్పిన అలవాటు. నాంచారయ్య గొంతు కాసేపు వినిపించి, గరగరమని, మాయమైంది.

"ఆపేశాడండీ," అన్నాను.

"అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆగిపోయింది మీరు! ఉపగ్రహం దూరమవుతోంది, కిందికి తిప్పండి... ఇంకా..."

తిప్పాను. "...పడమటి రేవు కొట్టుకుపోయింది. తూర్పు రేవుకు రండి," అని వినిపించింది. అంతే, మళ్లీ గరగర.

తల్లీబిడ్డా దక్కారు. తర్వాత నాంచారయ్య నవ్వుతూ, "మూడుసార్లు చెప్పానండీ!" అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

కోటేశ్వరరావు గారు పోయి నాలుగేళ్లయింది. నేను వినని ఆ రెండుసార్లూ ఇంకా ఎక్కడో ఆకాశంలో వెళ్తూనే ఉంటాయి. ఇప్పుడు ఎవరి ఫోనైనా మధ్యలో మూగబోతే, వాళ్లు ఆపేశారని అనుకోలేను. ముందు నా వేళ్లు కదులుతాయి.