ఇమ్మానుయేలు గొంతు పోయిన ఏడు

నల్లపాడు దగ్గరి పేటలో ఇమ్మానుయేలు ఇల్లెక్కడని అడిగితే "పాటల ఇమ్మానుయేలా?" అని ఎదురడిగేవాళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠాలో పని. వారమంతా చెమట, ఘాటు, తుమ్ములు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చర్చిలో మైకు ముందు నిలబడేవాడు. అతను పల్లవి ఎత్తుకుంటే ఆడవాళ్ళ చాపల మీద పిల్లల్ని సముదాయించే చేతులు కూడా ఆగిపోయేవి.

అతని భార్య పున్నమ్మ ఆ చాపల మీదే ఓ మూల కూర్చుని అందరితో కలిసి వంత పాడేది. అతను అన్న వరసను మళ్ళీ అనడమే ఆమె పని. పొద్దున లేస్తే మిరప చేలకో పత్తి చేలకో కూలికి పోయే మనిషి. ఆమెకి పాట వచ్చా రాదా అని ఎవరూ అడగలేదు. ఇమ్మానుయేలూ అడగలేదు.

ఆ ఏడు మిర్చి సీజను ముమ్మరంగా ఉండగా అతని గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు, మిరియాల కషాయం తాగాడు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాడు. తగ్గలేదు. గుంటూరులో డాక్టరుకి చూపిస్తే గొంతులో కాయ లేచిందన్నాడు. ఘాటుకి తోడు అరుపులు కూడా కలిశాయట.

"నెల్లాళ్ళు నోరు విప్పొద్దు. తర్వాత మాట వస్తుంది. పాట సంగతి మాత్రం నేను చెప్పలేను" అన్నాడు.

ఆదివారం పాస్టరు గారు సంఘం వైపు చూసి "ఇవాళ పాట ఎవరెత్తుకుంటారు?" అని అడిగారు. ఎవరూ కదల్లేదు. మగాళ్ళ వరసలో కూర్చున్న ఇమ్మానుయేలుకి ఆ నిశ్శబ్దం ఎంతో హాయిగా ఉంది. తను లేకపోతే ఇంతేననుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నించి, కూర్చున్న చోటి నించే, ఒక గొంతు లేచింది.

పున్నమ్మ గొంతు.

ఈ గట్టు మీద నించి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు అది. నునుపు లేదు, బిగువుంది. 'ఇక్కడ తప్పుతుంది' అనుకున్నాడు ఇమ్మానుయేలు. తప్పలేదు. 'చరణంలో జారుతుంది' అనుకున్నాడు. జారకపోగా, అతనెప్పుడూ వేయని మెలికొకటి వేసి పాటను మళ్ళీ పల్లవి దగ్గరికి తెచ్చింది. అందరి కళ్ళూ ఆమె మీదే.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావమ్మా?" అన్నారు పాస్టరు గారు. ముసలమ్మలు ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. ఇమ్మానుయేలు చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగి, అందరూ బయటికి పోయేదాకా లేవలేదు.

ఆ రోజు నించి అతనికి ఇంట్లో ఏదీ నచ్చలేదు. నోరు విప్పకూడదు గనక కంచం విసురుగా జరిపేవాడు, తలుపు ధడాల్న వేసేవాడు. యార్డులో ఒకడు "అన్నా, వదిన పాట మావాడు ఫోన్లో ఎక్కించి అందరికీ పంపాడు, విన్నావా?" అన్నాడు. వినలేదని తలూపి, మధ్యాహ్నం బస్తాల చాటున కూర్చుని రహస్యంగా విన్నాడు. మళ్ళీ మళ్ళీ విన్నాడు, తప్పు దొరక్కపోతుందా అని. దొరికింది. చరణం మధ్యలో ఊపిరి తొందరపడి తీసుకుంది. ఆ పూట ఈల వేసుకుంటూ బస్తాలు మోశాడు.

గడువు తీరాక బొంగురు గొంతుతో భార్యతో అన్న మొదటి మాట అదే.

"చరణంలో ఊపిరి తొందరగా తీస్తున్నావ్."

"అవునా? చెప్పావు, మంచిదయ్యా" అంది పున్నమ్మ. వచ్చే ఆదివారానికి సరిచేసుకుని, మరింత బాగా పాడింది. తన చేత్తో తనే నిప్పు ఎగదోసుకున్నట్టయింది ఇమ్మానుయేలుకి. ఆ పైన రెండు వారాలు యార్డులో పనుందని చర్చి ఎగ్గొట్టి, నల్లపాడు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే రైళ్ళు చూశాడు.

ఇంతలో చీరాలలో జరిగే సభలకి పున్నమ్మని పాడమని పిలుపొచ్చింది. "నువ్వూ రావయ్యా, తోడుగా" అన్నారు పాస్టరు గారు. ఆ 'తోడుగా' అనే మాట చీరాల దాకా రైల్లో గుచ్చుతూనే ఉంది. సభలో ఆమెను వేదిక మీదికి పిలిచి, "వారి భర్త గారు కూడా వచ్చారు" అన్నారు. పాట మొదలవకముందే అతను లేచి బయటికొచ్చాడు.

రోడ్డు పక్కన బుడాన్ అనే ఆయన టీ కొట్టు. లోపలి మైకు మోత అక్కడికీ వినిపిస్తోంది. బుడాన్ గ్లాసు అందించబోయి ఆగి విన్నాడు.

"ఎవరండీ ఆ పాడేది? గొంతు భలేగుంది."

"ఎవరో నాకు తెలియదండీ" అన్నాడు ఇమ్మానుయేలు.

అనేసి, గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. సగం వదిలేసి లేచాడు.

తిరుగు రైలు బాపట్ల దాటాక, కిటికీలోంచి చూస్తూనే జరిగిందంతా భార్యతో చెప్పేశాడు. ఏడుస్తుందనుకున్నాడు. పున్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"నీ కుళ్ళు నాకు తెలుసులే. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ళూ అదే కుళ్ళు నేను మోశాను."

"నువ్వా?"

"పెళ్ళయిన కొత్తలో ఓ ఆదివారం నేనూ పాడతానన్నా. నవ్వి, ఆడాళ్ళు వంతకి చాల్లే అన్నావ్. గుర్తుందా?"

గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"నీ గొంతు పోతే బాగుండునని కూడా అనుకున్నానయ్యా" అంది పున్నమ్మ. "నిజంగా పోయినప్పుడు నా కుళ్ళు వల్లేనేమోనని ఏడ్చా."

"మరి ఎట్టా తట్టుకున్నావే?"

"పత్తి తీసేటప్పుడు చేతులకే గదా పని, నోరు ఖాళీ. చేలో పాడేదాన్ని. అవతలి సాళ్ళ వాళ్ళకి వినపడాలని గట్టిగా. కుళ్ళు ఎక్కువైన రోజు ఇంకాస్త గట్టిగా. అది పోలేదయ్యా, దాన్ని పనిలో పెట్టా."

మళ్ళీ ఆదివారం ఇమ్మానుయేలు చర్చికి వెళ్ళి మగాళ్ళ చాపల మీద కూర్చున్నాడు. పున్నమ్మ పల్లవి ఎత్తుకుంది. వంత దగ్గర నోరు తెరిస్తే మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కింద స్థాయిలో గరగరగా ఓ స్వరం దొరికింది. పై స్థాయి ఇక రాదని అతనికి అర్థమైంది. దొరికినదాన్నే పట్టుకున్నాడు. మైకు ముందున్నన్నాళ్ళూ తన గొంతు తప్ప ఏదీ వినలేదు. ఇప్పుడు పక్కవాడి శ్రుతీ, వెనక ముసలాయన చప్పట్ల తాళమూ, గోడ దగ్గర ఎవరో పసిబిడ్డ కూతా అన్నీ వినపడుతున్నాయి. అతని గరగర వెంట మగాళ్ళ వరసంతా మెల్లగా ఆ కింది స్థాయికే దిగింది.

ప్రార్థన అయ్యాక జనం పున్నమ్మ చుట్టూ మూగారు. ఇమ్మానుయేలు గుమ్మం అవతల ఎండలో నిలబడి ఆమె కోసం చూశాడు. ఇంటిదారి పట్టాక గానీ నోరు విప్పలేదు.

"ఇవాళ కూడా కుళ్ళొచ్చిందే."

"బాగానా?"

"బాగానే. పోయినసారికంటే కాస్త తక్కువ."

"సరేలే, అడుగు తీసి అడుగెయ్. అన్నం వండాలి, నాకు ఆకలేస్తోంది" అంది పున్నమ్మ.