ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాడు

కిందటి సెప్టెంబరులో మా అబ్బాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, వాళ్ల రెజ్లింగ్ టీమ్‌కి కొత్తగా ఒకతను ట్రాన్స్‌ఫర్ అయి వచ్చాడని చెప్పాడు. పెళ్లయిందట, ఎనిమిది నెలల పాప ఉందట, ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఎవరూ లేరట. వినగానే "అయ్యో పాపం" అన్నాను.

మా నాన్నగారు పాస్టరు. నాలుగైదేళ్లకోసారి పైనుంచి ఆర్డరు వచ్చేది, అమ్మ గిన్నెలన్నీ గోనెసంచుల్లో సర్దేది, ఏ ఊరికి వెళ్తున్నామో మాకు లారీ ఎక్కాక తెలిసేది. కొత్త ఊళ్లో దిగిన పూట సంఘంలోని ఆడవాళ్లు అన్నం, కూర తెచ్చిపెట్టి, ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు. మా ఇంట్లో ట్రాన్స్‌ఫర్ అంటే ఎవరూ కోరుకోనిది, ఎవరూ తప్పించుకోలేనిది. అలా వచ్చినవాళ్లకి అన్నం పెట్టాలి, వాళ్ల కోసం ప్రార్థన చేయాలి. నాకు అంతకుమించి ఏమీ తోచలేదు. అతను కోచ్‌లలో ఒకడు కాబోలనుకున్నాను. పెళ్లాం బిడ్డా ఉన్నవాడు ఇంకేమై ఉంటాడు?

"ఈసారి వచ్చేటప్పుడు వాళ్లని కూడా తీసుకురారా" అన్నాను.

"Sure మమ్మీ?" అన్నాడు వాడు. ఆ అడగడంలో ఏదో ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

మేముండేది షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో. కాలేజీ మూడున్నర గంటల దూరం, దారి పొడుగునా మొక్కజొన్న పొలాలే. మావాడికి అక్కడ అది మూడో ఏడు. హైస్కూల్లో వాడు కుస్తీ మొదలుపెట్టినప్పుడు మా సంఘంలో నవ్వనివాళ్లు లేరు. "మన పిల్లలు స్పెల్లింగ్ పోటీలకి వెళ్తారు గానీ ఇదేంటి వదినా, చెవులు చూడండి ఎలా వాచిపోయాయో" అనేవారు. నేనూ మొదట్లో ఏడ్చాను. తర్వాత అలవాటు పడ్డాను, లెక్కలు కూడా నేర్చుకున్నాను. ఇందులో బరువుల వారీగా పోటీలు. ఒక్కో బరువుకి కాలేజీ తరఫున ఒక్కడే దిగుతాడు. మావాడిది నూట యాభై ఏడు పౌండ్లు. ఆ బరువులో అంతకుముందు ఒక పెద్ద కుర్రాడు ఉండేవాడు. రెండేళ్లపాటు మావాడు ప్రాక్టీసులో వాడి చేత దెబ్బలు తిని, పోటీ రోజున తువ్వాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మేలో ఆ పెద్దవాడు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఇక చోటు మావాడిదే. దానికోసం ఉదయ ప్రార్థనలో స్తుతులు కూడా చెల్లించేశాను.

అక్టోబరులో ఒక శనివారం మా ఇంట్లో గృహ కూటం. సంఘం నుంచి పదిహేను మంది దాకా వచ్చారు. మావాడు వాళ్ల ముగ్గురినీ కారులో తీసుకొచ్చాడు. అతనికి గుబురు గడ్డం, నుదుటి మీద అప్పుడే పలచబడుతున్న జుట్టు. గుమ్మంలోనే బూట్లు విప్పి, నన్ను "మ్యామ్" అని పలకరించాడు. అతని భార్య చంకలో పాప మా లివింగ్ రూమ్‌లోని జనాన్ని చూసి నవ్వింది. అందరం దానికోసం పోటీలు పడ్డాం.

పలావు, కోడి వేపుడు వడ్డించాను. అతను రెండు చెంచాల పలావు పెట్టించుకుని, అందులోంచి చికెన్ ఏరుకుని తిన్నాడు. మావాడి ప్లేటు కూడా అలాగే ఉంది. వాడి సంగతి తెలిసిందే, సీజన్ దగ్గరపడితే బరువు చూసుకుంటాడు. "కోచ్‌లకి కూడా డైట్ ఏంట్రా?" అని మావాణ్ని తెలుగులో అడిగాను. వాడు నీళ్లు తాగుతూ పొలమారాడు.

కూటం చివర నన్ను ప్రార్థన చేయమన్నారు. ఆ రోజు నా మనసు నిండుగా ఉంది. ఆ బిడ్డని చూస్తే గోనెసంచుల పక్కన కూర్చున్న మా చెల్లెలు గుర్తొచ్చింది. కళ్లు మూసుకున్నాను. పరాయి చోటికి వచ్చిన ఈ కుటుంబాన్ని నీ రెక్కల కింద దాచు అన్నాను. ఈ కుమారుడు ఏ బరిలో అడుగుపెట్టినా అతని చేయి పైచేయి చెయ్యి ప్రభువా అన్నాను. అతనికి ఎదురుగా నిలిచే ప్రతివాణ్నీ అణచివెయ్యి అన్నాను. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

టీ తాగేటప్పుడు మా సంఘ పెద్ద అతని పక్కన కూర్చుని, ఎన్నేళ్లుగా కోచింగ్ చేస్తున్నావని ఇంగ్లిష్‌లో అడిగారు.

"నేను కోచ్‌ని కాదు సర్. రెజ్లర్‌ని" అన్నాడతను. మావాడి వైపు వేలు చూపించి, "అతనిదీ నాదీ ఒకటే వెయిట్" అన్నాడు.

నా చేతిలో టీల ట్రే ఉంది. అది ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మా ఆయన ముందుగా తేరుకున్నారు. "ఒక వెయిట్‌కి ఒక్కడే కదరా?" అని మావాణ్ని తెలుగులో అడిగారు.

"అవును డాడీ."

"మరి?"

"మరి wrestle-off ఉంటుంది. మేమిద్దరం wrestle చేస్తాం. Winner starts."

"ఇతని వయసెంత?"

"ట్వంటీ ఫైవ్."

"ఇరవై అయిదేళ్లవాడు కాలేజీలో ఏం చేస్తున్నాడ్రా! ఆ వయసుకి నేను రెండో ఉద్యోగం మారాను."

అతను ఏమీ దాచలేదు. అడిగినదానికల్లా నెమ్మదిగా జవాబు చెప్పాడు. మామూలుగా కాలేజీలో ఎవరికైనా నాలుగు సీజన్లే. కానీ కోవిడ్ ఏడాది ఎవరికీ లెక్కలోకి రాలేదు. మోకాలికి ఆపరేషన్ అయిన ఏడాది లెక్కలోకి రాలేదు. భుజం ఎముక జారిన ఏడాదీ అంతే. ఇది అతనికి మూడో కాలేజీ. మొదటి డిగ్రీ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు రెండోది చదువుతున్నాడు. గాయపడ్డ ఏళ్లు లెక్కలోకి రాకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ ఏళ్లలో ఇతని గడ్డం పెరగలేదా, పెళ్లి కాలేదా, బిడ్డ పుట్టలేదా?

మావాణ్ని వంటింట్లోకి లాక్కెళ్లాను.

"నీ చోటు లాక్కోడానికి వచ్చినవాణ్ని ఇంటికి తీసుకొచ్చి, వాడి కోసం నా చేత ప్రార్థన చేయిస్తావురా?"

"నేను చేయించలా మమ్మీ, నువ్వే చేశావ్. స్టాప్ చేద్దామనుకున్నా. నువ్వు eyes క్లోజ్ చేసేసుకున్నావ్."

"ఎవరు వేశారు అతన్ని ఇక్కడికి?"

"ఎవరు వేయడం ఏంటి?"

"ట్రాన్స్‌ఫర్ రా! పైనుంచి ఎవరు వేశారు?"

వాడు నన్ను వింతగా చూశాడు. "ఎవరూ వేయలా. తనే వచ్చాడు. కాలేజీ మారేవాళ్ల వెబ్‌సైట్‌లో పేరు పెట్టాడు, మా కోచ్ పిలిచాడు. That's it."

ఆర్డరు లేదు, పైవాడు లేడు. మనిషి తనంతట తానే ట్రాన్స్‌ఫర్ అయి వస్తాడట. నా నలభై తొమ్మిదేళ్లలో అలాంటిది వినలేదు. ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. మేము కొత్త ఊరికి వెళ్లిన ప్రతిసారీ, ఆ ఇల్లు ఖాళీ చేసి ఎవరో ఒకరు వెళ్లిపోయి ఉండాలి. మాకు అన్నం పెట్టిన ఆడవాళ్లు ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

"వాడంటే నీకు కోపం లేదా?"

"రోజూ నన్ను చంపేస్తాడు ప్రాక్టీస్‌లో" అన్నాడు మావాడు నవ్వుతూ. "He's so good, మమ్మీ."

వాళ్లు వెళ్లాక మా ఆయన గిన్నెలు కడుగుతూ, "ఆఫీసు మెయిల్ అయితే రీకాల్ కొట్టేవాళ్లం. నువ్వేమో డైరెక్టుగా పైకే పంపావు, పదిహేను మందికి కాపీ పెట్టి మరీ" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

పదిహేనేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. సాయంత్రం పనికి దిగినవాళ్లకి కూడా రోజంతా పనిచేసినవాళ్లతో సమానంగా కూలి ఇచ్చిన యజమాని కథ నాకు కంఠతా వచ్చు. పిల్లలు ఎప్పుడూ "అది అన్‌ఫెయిర్ ఆంటీ" అంటారు. నేను ఎప్పుడూ యజమాని పక్షమే. పొద్దుటినుంచి ఎండలో నిలబడ్డవాళ్లలో ఒకడికి తల్లి ఉండి ఉంటుందని నాకు ఏనాడూ తట్టలేదు. ఆ నెలంతా మోకరించిన ప్రతిసారీ మావాడి పేరు ఎత్తుతాను, వెంటనే గుబురు గడ్డం కళ్లముందుకొస్తుంది. అణచివెయ్యమని అడిగింది నేనే. అన్న మాట వెనక్కి తీసుకున్నట్టుగా దేవుడితో బేరమాడడం నాకు చేతకాలేదు.

నవంబరులో ఆ పోటీ జరిగింది. కాలేజీ జిమ్‌లో చెక్క మెట్ల మీద కూర్చున్నాం. మా ఆయన వీడియో తీస్తానని కిందికి వెళ్లారు. పాపని ఎత్తుకుని ఆ అమ్మాయి సరాసరి నా దగ్గరికే వచ్చింది. కూర్చుంటూనే, "కాసేపు పట్టుకుంటారా మ్యామ్? ఇది ఒళ్లో ఉంటే నేను చూడలేను" అంది. అలా అతని బిడ్డ నా ఒళ్లోకి వచ్చింది.

ఏడు నిమిషాల పోటీ. మొదటి నిమిషంలోనే అతను మావాణ్ని ఎత్తి పడేసి మూడు పాయింట్లు తీసుకున్నాడు. చాప మీద ఒళ్లు పడ్డ చప్పుడుకి పాప ఉలిక్కిపడి నా వేలు పట్టుకుంది. మావాడు ఎలాగో విడిపించుకుని ఒక పాయింటు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత వాడు చేసింది నేను ఊహించలేదు. అతని ఎడమ మోకాలికి లావుగా పట్టీ ఉంది. వాడు ఒదిగి ఒదిగి, ప్రతిసారీ ఆ మోకాలి మీదికే పోతున్నాడు. నేను కన్న బిడ్డ, సంఘంలో కానుకల పళ్లెం పట్టే బిడ్డ, ఎదుటివాడికి నొప్పి ఎక్కడుందో అక్కడే పట్టుకుంటున్నాడు.

"సారీ అమ్మా" అన్నాను ఆ అమ్మాయితో.

"ఎందుకు? ఆ మోకాలు పట్టుకోమని చెప్పింది మా ఆయనే" అంది, చాప మీదినుంచి చూపు తిప్పకుండా. "వేరే టీమ్‌వాళ్లు వదులుతారా, నువ్వెందుకు వదులుతున్నావని మీవాణ్ని రోజూ తిట్టేవాడు."

ఇంకా అరనిమిషం ఉందనగా అతను రెండు పాయింట్లు ముందున్నాడు. మావాడు మళ్లీ ఆ కాలి మీదికే దూకాడు. ఈసారి కాలు మడతపడింది. అతను పక్కకి ఒరిగాడు, మావాడు మీదికి ఎక్కాడు, రిఫరీ మూడు వేళ్లు చూపించాడు. ఒక్క పాయింటు తేడా. బజర్ మోగేదాకా వాడు పట్టు వదల్లేదు. పాప ఏడుపు విన్నాక గానీ నేను కేక పెట్టానని నాకు తెలియలేదు. ఏమని అరిచానో తర్వాత వీడియోలో విన్నాను. "వదలొద్దురా, తొక్కెయ్ వాణ్ని" అని.

అతను బోర్లా పడుకునే ఉన్నాడు. మావాడు చేయి అందించి లేపాడు. రిఫరీ మావాడి చేయి పైకెత్తాడు.

నేను సిగ్గుతో పాపని ఊరుకోబెడుతున్నాను. ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఊపిరి పీల్చుకున్నదానిలా ఉంది. మెట్లు దిగి వెనక హాల్లోకి వెళ్లాం. అతను గోడవారగా నేల మీద కూర్చున్నాడు, ట్రైనర్ మోకాలికి ఐస్ కడుతున్నాడు. మావాడు ఐస్ సంచి చెవికి పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. వాణ్ని ముట్టుకోవాలని చేయి చాపేలోపే ఆ అమ్మాయి నా మోచేయి పట్టుకుంది.

"మీరు ఆ రోజు ప్రార్థన చేశారు కదా. ఇంకొకటి చేస్తారా?" అంది చిన్నగా. "ఈ మోకాలితో ఈ సీజన్ అయిపోయినట్టే. తను మళ్లీ అప్లై చేస్తాడు, మెడికల్ కింద ఇంకో ఏడాది ఇవ్వమని. వాళ్లు ఇవ్వకూడదని ప్రార్థన చేయండి ప్లీజ్. మా ఇంటికి వెళ్లిపోవాలని ఉంది నాకు."

ఇవ్వమని అడగడమే నాకు తెలుసు, ఎవరికీ ఏదీ ఇవ్వొద్దని ఎప్పుడూ అడగలేదు. పైగా ఇస్తే అతను వచ్చే ఏడాది మళ్లీ మావాడికి ఎదురుగా నిలుస్తాడు. ఇవ్వకపోతే చోటు మావాడిది. ఈ అమ్మాయి కోసం ప్రార్థిస్తే అది నా కోసం కూడా. అలాంటి ప్రార్థనకి నోరు ఎలా తెరవాలి?

అయినా ఆమె చేయి వదల్లేదు. నేను పాపని భుజాన వేసుకుని కళ్లు మూసుకున్నాను. ఆమెకి అర్థం కాకూడదని తెలుగులోనే చేశాను. వీళ్లని ఇంటికి చేర్చు ప్రభువా అన్నాను. ఇది నా కొడుకు కోసం అడుగుతున్నానో, ఈ బిడ్డ కోసం అడుగుతున్నానో నాకే తెలియడం లేదు, నువ్వే వేరుచేసుకో అన్నాను.

ఒక్క ముక్క తెలుగు రాకపోయినా ఆ అమ్మాయి గట్టిగా ఆమెన్ అంది.

కళ్లు తెరిచేసరికి మావాడు నన్నే చూస్తున్నాడు. వాడికి అంతా అర్థమైంది.

"నేను ఆమెన్ చెప్పలా మమ్మీ" అన్నాడు. "వాడు వెళ్లిపోతే నేనెవరితో ప్రాక్టీస్ చెయ్యాలి?"

ఐస్ సంచి రెండో చెవికి మార్చుకుని, వెళ్లి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు.